గడప దాకా వచ్చే సముద్రం

పొద్దున పాలవాడి సైకిల్ బెల్లు వినబడగానే సమ్మక్క బియ్యం డబ్బా ఎత్తి మంచం మీద పెట్టేది. గ్యాసు సిలిండరు ఎలాగూ ఇటుకల మీదే ఉండేది. చెమ్కీలు అతికించడానికి తెచ్చుకున్న చీరల మూటలు అటక దిగేవి కావు. చెప్పులు, చాప, చీపురు, నేల మీదున్నవన్నీ పైకి చేరాక చీర కుచ్చిళ్లు కాస్త ఎగదోపుకుని, కోడలి వైపు తిరిగి, "అయిపోయింది. ఇగ రానియ్" అనేది.

అప్పుడు గదిలోకి సముద్రం వచ్చేది.

నీళ్ల డ్రమ్ము వెనక మూలలో ముందు గచ్చు నల్లబడేది. తర్వాత సన్నటి నురుగుతో ఒక అల పాకుతూ వచ్చి వెనక్కి పోయేది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి గదంతా చీలమండల లోతు నీళ్లు. పౌర్ణమికీ అమావాస్యకీ మోకాళ్ల దాకా వచ్చేవి. ఎంత పోటు మీదున్నా పసుపు రాసిన గడప దగ్గర ఆగిపోయేవి. గడపకు అవతల, సూరత్‌లోని ఉధ్నా గల్లీలో మరమగ్గాలు దడదడలాడుతూనే ఉండేవి, ఆటోలు పోతూనే ఉండేవి, ఒక్క చుక్క బయట పడేది కాదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మళ్లీ ఒకసారి వచ్చి పోయేది.

అది సూరత్ సముద్రం కాదు. సూరత్ సముద్రం డుమస్ దగ్గర నల్లటి ఇసుక మీద మట్టి రంగులో ఉంటుంది. ఈ నీళ్లు గోరువెచ్చగా, అడుగు కనబడేంత తేటగా ఉండేవి. పోతూ పోతూ గచ్చు మీద తెల్లటి ఇసుక వదిలిపెట్టి పోయేవి. ఫిలిప్పీన్స్ దేశంలో కోడలు మారిసెల్ పుట్టిన దీవి చుట్టూ ఉండే సముద్రం అది. ఆమె సమ్మక్క కొడుకు రఘుపతిని పెళ్లి చేసుకుని ఈ గదిలో కాలు పెట్టిన సాయంత్రమే ఆమె వెనకే వచ్చింది.

గల్లీలో ఎవరూ దాన్ని పెద్ద విషయం చేయలేదు. ఇంటి యజమాని జయంతిభాయ్ ఒకసారి వచ్చి గోడల మీద ఉప్పు చారలు చూసి, దీపావళికి సున్నం మాత్రం మీరే వేయించుకోవాలని చెప్పి పోయాడు. ఆడవాళ్లు తెల్ల ఇసుకను గిన్నెలు తోముకోవడానికి పట్టుకుపోయేవాళ్లు. ఎదురింటి వెంకటవ్వకు మోకాళ్ల నొప్పులు. ఆమె సాయంత్రం పూట వచ్చి, మంచం మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని ఊరి ముచ్చట్లు చెప్పేది. నీళ్లతోపాటు వచ్చిన చిన్న చేపల్ని సమ్మక్క చేటతో పట్టి, ఉప్పూ కారం రాసి వేయించి, "మా కోడలి తల్లిగారింటి చేపలు" అని చుట్టుపక్కల పంచేది.

రఘుపతికి మారిసెల్ షార్జాలో పరిచయమైంది. అక్కడ ఒక హోటల్ లాండ్రీలో ఇద్దరిదీ ఒకటే పని. పెద్ద మంచాల దుప్పట్లు ఒక మనిషి చేత మడత పడవు. ఇద్దరు చెరో అంచు పట్టుకుని దులిపి, ఒకరికొకరు ఎదురు నడిచి వచ్చి అంచులు కలపాలి. పొద్దస్తమానం అలా ఎదురెదురు నడిచి వచ్చి, మొదట నవ్వుకున్నారు, తర్వాత మాట్లాడుకున్నారు, ఆ తర్వాత దుప్పట్లు అయిపోతే ఏం తోచని వాళ్లయ్యారు. ఆమెకు హిందీ అక్కడి పనివాళ్ల వల్ల పట్టుబడింది. ఇద్దరూ ఆ హిందీలోనే పెళ్లి మాట అనుకున్నారు.

ఇంతలో రఘుపతి తండ్రి లస్మయ్య పోయాడు. సిరిసిల్ల వైపు నుంచి పడుచుతనంలో వచ్చి, బతుకంతా ఉధ్నా మగ్గాల దుమ్ము పీల్చి, చివరికి ఊపిరి అందక పోయాడు. తల్లిని ఒంటరిగా ఉంచలేక రఘుపతి వచ్చేశాడు. పల్సానాలో చీరలకు రంగులద్దే మిల్లులో రాత్రి షిఫ్టు దొరికింది. మరుసటి ఏడు మారిసెల్ టూరిస్టు వీసా మీద వచ్చింది. ఆమెకు ఇదివరకు పెళ్లి కాలేదని వాళ్ల ఎంబసీ ఇచ్చిన కాగితం పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోయారు, నోటీసు గడువు అయ్యేదాకా ఆగారు, సంతకాలు చేసి దండలు మార్చుకున్నారు.

సమ్మక్క మొదట్లో ముభావంగానే ఉంది. ఒకనాడు అన్నం దగ్గర మారిసెల్ ఒక చేపను తీసుకుని, వెన్నెముక మొత్తం ఒక్క గుంజుతో విప్పేసి, ముల్లు లేని ముక్కను అత్త పళ్లెంలో పెట్టింది. సమ్మక్క తిని, చెయ్యి కడుక్కుని, "నీ పేరు నాకు నోరు తిరుగుతలేదు. మల్లి అంట" అంది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆమె మల్లి. తెలుగు కూడా అత్త దగ్గరే నేర్చుకుంది కాబట్టి మల్లి మాట్లాడితే అచ్చం సిరిసిల్ల మనిషి మాట్లాడినట్టే ఉండేది.

పెళ్లి ఒక ఎత్తయితే, పెళ్లాన్ని దేశంలో ఉంచుకోవడం ఇంకో ఎత్తు అయింది. ఉధ్నా స్టేషన్ దగ్గర దశరథానికి చిన్న కంప్యూటర్ దుకాణం ఉంది. మనవాళ్ల రైలు టికెట్లు, ఆధార్ దిద్దుబాట్లు అన్నీ అతని చేతుల మీదుగానే. మారిసెల్ టూరిస్టు వీసాను భార్య వీసాగా మార్పించి, ఇక్కడ నివాసానికి పర్మిట్ తెప్పించే దరఖాస్తు కూడా అతనే పంపాడు. పంపి, కుర్చీ ఇటు తిప్పి రఘుపతితో అన్నాడు.

"ఫైల్ పోయింది. ఇగ పోలీసోళ్లు వస్తరు. నిజంగ మొగుడు పెండ్లాలేనా, ఒక్క కాడ్నే ఉంటున్నరా అని చూస్తరు. అటెన్క పర్మిట్ వస్తది. ఒక్క మాట యాదికుంచుకో రఘూ. అది చేతికొచ్చేదాంక చెల్లె దేశం దాటొద్దు. దాటిందా, ఫైల్ మూసుకపోతది. మళ్ల మొదటి నుంచి మొదలువెట్టాలె. అప్పుడిస్తరో ఇయ్యరో తెల్వది."

"ఎన్ని దినాలు పడ్తదే?"

"సర్కారు పని. నేనేం చెప్పాలె. ఓపిక పట్టాలె, అంతే."

ఓపిక పట్టడం మారిసెల్‌కు కష్టం కాలేదు, తల్లి కబురు అందుతున్నంత కాలం. ఆమెకు తండ్రి లేడు. తమ్ముడు ఏదో సరుకు ఓడలో పనికి పోయాడు. దీవిలో తల్లి ఒక్కతే. ఆ పెద్దావిడకు చెవులు సరిగ్గా వినబడవు, ఫోనంటే పడదు. కూతురు మీద మనసు పోయినప్పుడల్లా ఒడ్డుకు నడిచి ఏదో ఒకటి నీళ్లలో వదిలేది. అది ఉధ్నాలో తేలేది. ఒకసారి అరటాకులో చుట్టిన జిగురు బియ్యపు పిండివంట. ఒకసారి పీచుతో సహా కొబ్బరికాయ. ఒకసారి ఊరికే ఒక గవ్వ. నీళ్లు వెనక్కి పోయేటప్పుడు మారిసెల్ కూడా ఏదో ఒకటి పంపేది. సమ్మక్క స్టీలు డబ్బాలో సకినాలు పెట్టి గట్టిగా మూత బిగించి ఇచ్చింది. ఇంకోసారి, "వియ్యపురాలికి చీర పెట్టకుంటె ఎట్ల" అని ఆకుపచ్చ చీర మడిచి నీళ్లలో వదిలింది. అది విచ్చుకుని డ్రమ్ము వెనక మూలలోకి పోవడం అత్తాకోడళ్లు నిలబడి చూశారు.

హోలీకి ముందు ఒక ఉదయం రఘుపతి రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి మారిసెల్ గల్లీ చివర కుళాయి దగ్గరుంది. సమ్మక్క వెంకటవ్వ ఇంట్లో ఉంది. నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. గడప దగ్గర ఒక తాటాకు టోపీ గుండ్రంగా తిరుగుతోంది. దాని చుట్టూ ఆకుపచ్చ చీర అంచు చింపి కట్టి ఉంది.

ఆ టోపీ సంగతి అతనికి తెలుసు. షార్జాలో దుప్పట్లు మడిచే రోజుల్లోనే మారిసెల్ చెప్పింది. చిన్నప్పుడు తనూ తమ్ముడూ పడవ వేసుకుని చాలా దూరం పోయేవాళ్లట. కేక వేస్తే వినబడదు కాబట్టి తల్లి తలమీది టోపీ తీసి నీళ్లలోకి విసిరేదట. తెల్లగా అది అలల మీద కనబడితే ఎక్కడున్నా ఏం చేస్తున్నా ఇంటికి మళ్లాల్సిందే. ఇంట్లో ఏదో అయిందనో, పొద్దుపోయిందనో, నిన్ను చూడాలనుందనో, కారణం ఏదైనా అర్థం మాత్రం ఒకటే. రమ్మని.

రఘుపతి టోపీ తీసి నీళ్లు వంపాడు. టిఫిన్ సంచిలో కుక్కాడు. ఆ సాయంత్రం మిల్లులో బట్టలు మార్చుకునే చోట తన లాకర్లో పెట్టి తాళం వేశాడు.

చెబితే ఆమె ఆ పూటే బయలుదేరుతుంది. బయలుదేరితే దశరథం చెప్పినట్టు ఫైలు పోతుంది. పోలీసులు ఇవాళో రేపో వస్తారు, వచ్చిపోయాక చెబుదాం అనుకున్నాడు. అనుకున్నదంతా నిజమే. కానీ దాని కింద ఇంకో మాట ఉంది, అది అతను తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఈ మగ్గాల మధ్య, ఈ ఒక్క గదిలో, ఎండాకాలం రేకులు కాలిపోయే ఈ ఇంట్లో ఆమె ఎందుకు ఉందో అతనికి ఎప్పుడూ పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఒకసారి తన నీళ్లలో తను కాలు పెట్టాక మళ్లీ తిరిగి వస్తుందన్న ధైర్యం లేదు.

తర్వాత ఒక దువ్వెన వచ్చింది, కొమ్ముతో చేసింది, పళ్ల మధ్య తెల్ల వెంట్రుకలతో. ఆ తర్వాత జపమాల. రఘుపతి సూపర్‌వైజరును బతిమాలి షిఫ్టు గంటలు మార్పించుకున్నాడు. పొద్దున పోటుకు, సాయంత్రం పోటుకు ఇంట్లో ఉండేలా చూసుకున్నాడు. మారిసెల్ ఉప్పు నీళ్లలో నిలబడి ఉండగానే ఆమె వెనక నిలబడి, ఏదైనా తేలితే కాలితో మంచం కిందికి నెట్టి, తర్వాత మిల్లు లాకర్‌కు చేర్చేవాడు. ఆమె చూపు ఎప్పుడూ డ్రమ్ము మూల మీదే ఉండేది. వెనక నుంచి మొగుడే దాచేస్తున్నాడని ఆమెకేం తెలుసు.

"అమ్మ ఏం పంపుతలేదు" అంది ఒకనాడు.

"ముసలామె కద. ఒడ్డుదాంక నడవనీకి చాతనైతలేదేమో."

"నేను పోక రెండేండ్లాయె. నా మీద అలిగింది కావచ్చు."

"అలుగుడేంది. నువ్ పరేషాన్ కాకు."

ఆ మాట తర్వాత మారిసెల్ రోజూ ఏదో ఒకటి నీళ్లలో వదలడం మొదలుపెట్టింది. కుట్టు రుమాలు, బెల్లం ఉండలు, తన పెళ్లి ఫోటో ప్లాస్టిక్ కవర్లో. నీళ్లలో నిలబడి వాళ్ల భాషలో మెల్లగా ఏదో చెప్పేది. రఘుపతికి ఆ భాష రాదు. వచ్చి ఉంటే నిలబడగలిగేవాడు కాదేమో.

చెప్పు వచ్చిన రోజు సమ్మక్క చూసింది. రబ్బరు చెప్పు, ఎడమ కాలిది, మడమ దగ్గర బాగా అరిగింది. రఘుపతి దాన్ని చొక్కా కింద దోపుకుంటున్నాడు.

"ఎవ్వరిదది?"

రఘుపతి చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"ఇంకేమేం వచ్చినయ్?"

చెప్పాడు. టోపీతో మొదలుపెట్టి అన్నీ చెప్పాడు. సమ్మక్క గోడ పట్టుకుని నిలబడింది. ఆమె పాదాల చుట్టూ నీళ్లు తగ్గుతున్నాయి.

"ఒంటి మీదియి ఒక్కొక్కటి తీసి పంపుతుంది కొడుకా" అంది. "పిల్లకు చెప్పకపోతివా?"

"చెప్తే పోతదమ్మా. పోతే ఫైల్ పోతది. పోలీసోళ్లు వచ్చిపోనియ్. కాయితం రాంగనే నేనే టికెట్ తీసి పంపుత."

"నీ కాయితం వచ్చేదాంక ఆ తల్లి ఆగుతదా?"

రఘుపతి చెప్పును చొక్కా కింద ఇంకాస్త లోపలికి దోపుకున్నాడు. సమ్మక్క కాసేపు చూసి, స్టవ్ దగ్గరికి పోయి టీ పెట్టింది. కోడలికి ఆమె కూడా చెప్పలేదు. మొగుడు పోయిన ఇంట్లో మళ్లీ నవ్వులు వినబడుతున్నది ఆ పిల్ల వల్లనే. కోడలు పోతే కొడుకు ఏమైపోతాడోనని ఆమె భయం ఆమెది.

వైశాఖం ఎండల్లో పోలీసులు వచ్చారు. వచ్చింది ఒక్కరే, హెడ్ కానిస్టేబుల్ పర్మార్, బట్టతల, నెమ్మదైన మనిషి. సరిగ్గా సాయంత్రం పోటు మీద వచ్చాడు. గడప దగ్గర బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, నీళ్లలోంచి నడిచి వచ్చి మంచం మీద వెంకటవ్వ పక్కన కూర్చున్నాడు. సమ్మక్క ఇచ్చిన టీ తాగుతూ మారిసెల్‌ను హిందీలో అడిగాడు.

"మీ ఆయనకు తిండిలో ఏమంటే ఇష్టం?"

"పప్పులో ఎవరూ చూడకుండా చక్కెర వేసుకుంటాడు. అది మీ గుజరాతీవాళ్ల వల్ల వచ్చిన అలవాటే" అంది మారిసెల్.

పర్మార్ నవ్వాడు. "ఆయనలో మీకు నచ్చనిది?"

"నిద్రలో పళ్లు కొరుకుతాడు. ఈమధ్య మరీ ఎక్కువగా."

రఘుపతి తల దించుకున్నాడు. పర్మార్ ఇంకో నాలుగు మాటలు అడిగి, వెంకటవ్వ సాక్ష్యం తీసుకుని, పెళ్లి కాగితాలు చూసి, దంపతులు ఇక్కడే కాపురం ఉంటున్నారని రాసుకున్నాడు. ఇల్లు కాస్త చెమ్మగా ఉందని కూడా రాశాడు. పోతూ పోతూ, "మా ఆవిడకు కూడా మోకాళ్ల నొప్పులే, ఒకసారి తీసుకురావచ్చా" అని అడిగి పోయాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ రాత్రి రఘుపతి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. కానీ ఇంత కాలం ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలో తెలియలేదు. పర్మిట్ చేతిలో పెట్టి చెబితే కోపం సగం తగ్గుతుందనుకున్నాడు.

వానలు మొదలైన వారానికి దశరథం ఫోన్ చేశాడు. పర్మిట్ వచ్చింది, ప్రింటు తీసి పెట్టానన్నాడు. రఘుపతి మిల్లులో సెలవు చెప్పి, లాకర్ ఖాళీ చేసి, అన్నీ ఒక సంచిలో వేసుకుని, దుకాణంలో కాగితం తీసుకుని, వానలో తడుస్తూ ఇంటికి వచ్చాడు. దీపాలు పెట్టే వేళ. గదిలో బియ్యం డబ్బా మంచం మీదుంది. చాప, చీపురు పైన ఉన్నాయి. నేల పొడిగా ఉంది. మారిసెల్ డ్రమ్ము వెనక మూలలో కూర్చుని గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూస్తోంది.

"నీళ్లు వస్తలేవు రఘూ" అంది.

ఒడ్డు నుంచి పంపే మనిషి ఇక లేదని అతనికి అర్థమైంది. కాగితం తీసి ఇవ్వలేదు. సంచి ఆమె ముందు పెట్టాడు.

మారిసెల్ ఒక్కొక్కటి తీసి నేల మీద పెట్టింది. టోపీ, దువ్వెన, జపమాల, చెప్పు. రెండో చెప్పు కోసం సంచిలో వెతికింది. లేదని తెలిశాక చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"టోపీ ఎప్పుడొచ్చింది?"

"హోలీకి ముందు."

మారిసెల్ టోపీకి కట్టిన ఆకుపచ్చ అంచును వేళ్లతో తడిమింది.

"అమ్మ నా మీద అలిగిందనుకున్న" అంది మారిసెల్. "దినాం నీళ్లల్ల నిలబడి మాఫీ అడిగిన. నువ్ నా ఎన్కనే ఉన్నవ్."

"ఫైల్ పోతదని... నువ్ ఈడ ఉండాలెనని..."

"ఆ కాయితం నాకు కూడ కావాలె. నీకంటె నాకే ఎక్కువ కావాలె. నన్ను అడిగితే నేను చెప్తుంటి కద, పోత అనో, ఆగుత అనో. మా అమ్మ నన్ను పిలిచింది. నిన్ను కాదు."

సమ్మక్క గోడ వారగా నిలబడి ఉంది. "నేను చూసిన బిడ్డా" అంది. "చూసి ఊకున్న. అది కూడ తెలుసుకో."

మారిసెల్ అత్త వైపు చూసింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.

మర్నాడు పొద్దున పాలవాడి బెల్లు వినబడకముందే సముద్రం వచ్చింది. అలలు లేవు, నురుగు లేదు. గచ్చులోంచి ఊరినట్టు నిశ్శబ్దంగా లేచింది. ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే నీళ్లు ఆ రోజు చల్లగా ఉన్నాయి. మారిసెల్ జుట్టు ముడి వేసుకుని, తల్లి టోపీ పెట్టుకుని, మిగతావి కొంగున కట్టుకుంది. డ్రమ్ము వెనక మూల వైపు నడిచింది. ఒక అడుగుకు నీళ్లు ఆమె మోకాళ్లకు వచ్చాయి, ఇంకో అడుగుకు నడుముకు.

"మారిసెల్" అంటూ రఘుపతి వెనకే పోయాడు. అతని చుట్టూ నీళ్లు చీలమండల దగ్గరే ఉన్నాయి. కింద ఉధ్నా గచ్చు గట్టిగా తగులుతోంది. వేగంగా నడిచాడు. చేతికి డ్రమ్ము తగిలింది, తర్వాత గోడ తగిలింది. ఉప్పు చారల గోడ. అదే గోడలో, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, ఆమె ఎంతో దూరంలో ఛాతీ లోతు నీళ్లలో పోతోంది.

సమ్మక్క కుచ్చిళ్లు ఎగదోపింది.

"తల్లి మట్టికి పిల్ల ఒక్కతే పోవుడేంది" అంది. "వియ్యపురాలు బతికుండంగ ముఖం చూడకపోతి. చేసిన పాపం కాళ్లు మొక్కి చెప్పుకుంట. నేను పోతున్న కొడుకా."

"అమ్మా, నీకు ఈత రాదు."

"దానికొస్తది కద."

ఆమెకు నీళ్లు లోతయ్యాయి. చెరువులో కూడా ఎన్నడూ దిగని మనిషి, గడ్డం దాకా మునిగి, ఊపిరి బిగబట్టి, "మల్లీ" అని పిలిచింది. దూరంగా టోపీ ఆగింది. వెనక్కి తిరిగింది. మారిసెల్ వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. సమ్మక్క ఒకసారి తల తిప్పి, "బియ్యం డబ్బా దించుకో. వెంకటవ్వకు చెప్పు" అంది. ఇద్దరూ పోయారు. కాసేపటికి నేల మీద తడి కూడా ఆరిపోయింది.

రోజులు గడిచాక దీవి నుంచి ఎవరిదో ఫోన్లో సమ్మక్క మాట్లాడింది. మట్టికి అందినం, అంతే, అంది. ఆ పెద్దావిడ హోలీకి ముందు నుంచే మంచాన పడిందట. అయినా రోజూ తనను ఒడ్డుకు ఎత్తుకుపొమ్మని పక్కింటివాళ్లను అడిగేదట. చివరి రోజున రెండో చెప్పు చేతిలో పట్టుకునే పోయిందట.

"మల్లికిస్తవా ఫోను?" అన్నాడు రఘుపతి.

"ఇప్పుడు కాదు కొడుకా."

ఆ తర్వాత ఎప్పుడు అడిగినా అదే మాట. సమ్మక్క అక్కడే ఉండిపోయింది. ఇల్లు ఒంటరిగా ఉంది, పిల్ల ఒంటరిగా ఉంది, ఇప్పుడే రాననేది. ఉధ్నాలో గది పొడిగానే ఉండిపోయింది. దీపావళికి రఘుపతి సున్నం వేయించాడు. వెంకటవ్వ మోకాళ్లు మళ్లీ వాచాయి. దశరథం మాత్రం ధైర్యం చెప్పేవాడు. "పర్మిట్ ఉన్నది కద. చెల్లె మనసు మారితె ఎప్పుడన్న రావచ్చు. దాన్ని కాపాడుకో."

చలికాలంలో పర్మార్ వచ్చాడు. తన స్టేషన్ పరిధిలో ఉన్న విదేశీయులను అప్పుడప్పుడు చూసి పోవడం ఆయన పని. అలవాటుగా గడప దగ్గర బూట్లు విప్పి, లోపల పొడి నేల చూసి మళ్లీ తొడుక్కున్నాడు.

"ఇంట్లో లేదా?"

"లేదు సాబ్. వాళ్ల ఊరికి పోయింది."

"ఏ విమానంలో? మా దగ్గర ఏమీ రాలేదే."

"విమానంలో కాదు."

పర్మార్ డ్రమ్ము వెనక మూల వైపు చూశాడు. అర్థమైనట్టు తల ఊపాడు. "అంటే దేశం దాటినట్టు ఎక్కడా ముద్ర పడలేదు. మీ అమ్మగారు?"

"ఆమె కూడా."

"ఆమెకు పాస్‌పోర్ట్ ఉందా?"

"ఎప్పుడూ లేదు."

అది ఆయన రాసుకోలేదు. మంచం మీద కూర్చుని కాసేపు పెన్ను వేళ్ల మధ్య తిప్పాడు. మంచి మనిషి. "చూడు భాయ్" అన్నాడు. "పుట్టింటికి పోయింది, నాలుగు రోజుల్లో వస్తుంది అని నువ్వు చెప్పావనుకో, ఇక్కడే ఉంటోందని రాసి పోతాను. పర్మిట్ అలాగే ఉంటుంది. లేదంటే పైకి పంపాలి. రద్దవుతుంది. రేపు ఆమె రావాలనుకున్నా మళ్లీ అంతా కొత్తగా మొదలుపెట్టాలి. ఏం రాయమంటావు?"

రఘుపతి అలమార తెరిచి పర్మిట్ తీశాడు. వానలో తడిసిన మడత దగ్గర సిరా కొంచెం అలుక్కుపోయి ఉంది. దాని కోసం ఏం చేశాడో ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా కళ్ల ముందు తిరిగింది. ఇంకొక్క అబద్ధం చాలు, తలుపు కొంచెం తెరిచి ఉంటుంది.

"ఆమె ఇక్కడ ఉంటలేదు సాబ్" అన్నాడు. "వస్తనని చెప్పలేదు. వాళ్లమ్మ పిలుస్తుంటే నేను చెప్పకుండా దాచిపెట్టిన. అందుకే పోయింది. అట్లనే రాయండి."

"అంత అక్కర్లేదు" అన్నాడు పర్మార్. పోయిందని మాత్రం రాసి, కాగితం తీసుకుని, లేచి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి పోయాడు.

సాయంత్రం రఘుపతి దీవికి ఫోన్ చేశాడు. సమ్మక్క ఎత్తింది. పోలీసాయన వచ్చిన సంగతి, తను చెప్పిన మాట, పర్మిట్ పోయిన సంగతి అంతా చెప్పాడు. సమ్మక్క "ఊఁ" కొడుతూ విన్నది. వినీ వినీ ఒకచోట ఊఁ కొట్టడం ఆపేసింది. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది.

"నిజం చెప్పినవా?" అంది మారిసెల్.

"చెప్పిన."

"ఎందుకు? దాంతోని ఇగ నేను రానీకి కూడ లేకపాయె."

"తెలుసు" అన్నాడు రఘుపతి.

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. వెనక నుంచి సమ్మక్క ఎవరినో తెలుగులో కేకలేస్తోంది, ఎవరో పిల్లలు వాళ్ల భాషలో జవాబిస్తున్నారు. ఉధ్నా మగ్గాల దడదడ ఆమెకూ, అక్కడి అలల చప్పుడు అతనికీ వినబడుతూ ఉండగా, ఫోన్లో చార్జింగ్ అయిపోయేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.